ఇంటి బయటి గోడల పూత: వ్యయమును ముందుగా లెక్కించుట

గ్రామమున ఇల్లు కట్టువాడు మొదట పునాదిని గూర్చియు, పిదప కప్పును గూర్చియు ఆలోచించును. బయటి గోడల పూతను గూర్చి ఆలోచించునాటికి చేతిలోని సొమ్ము అయిపోయియుండును. జహీరాబాదు చుట్టుపట్ల కోహీరు, ఝరాసంగము, న్యాలకల్, మొగుడంపల్లి మండలముల గ్రామములలో తిరిగినవారికి ఈ సంగతి కొత్త కాదు. కప్పు పడినది, దర్వాజాలు నిలిచినవి, గృహప్రవేశము కూడ జరిగినది. బయట మాత్రము ఇటుకలు అట్లే కనబడుచుండును. కొందరు ముందరి గోడకు మాత్రము మెరుగు పలకలు అంటించి, వానదెబ్బ తగులు ప్రక్కగోడను వట్టిగా విడిచిపెట్టుదురు. నాలుగు వర్షకాలములు గడచునప్పటికి ఆ ప్రక్కగోడ నుండియే తడి లోనికి దిగును.

ఇట్లగుటకు డబ్బు లేకపోవుట ఒక్కటే కారణమని మేము అనుకొనము. ఎంత కావలెనో ముందుగా తెలియకపోవుట అంతకంటె పెద్ద కారణము. మేస్త్రి నోటితో ఒక మొత్తము చెప్పును. ఇంటివాడు అందులో కొంత తగ్గించుమని బతిమాలును. ఇద్దరును గోడను కొలువరు. ఇందిరమ్మ ఇండ్ల పథకమున ప్రభుత్వము ఇచ్చు 5 లక్షల రూపాయల సహాయము దశలవారీగా అందునట్టిది. ఆ ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 మించరాదు. ఇట్టి ఇంటికి పూత చివరి పని కనుక, అంతకు ముందు దశలలో జరిగిన అతివ్యయమంతయు పూత మీదనే వచ్చి పడును. కావున పంచాయతీ సభ్యులు ఈ లెక్కను తాము నేర్చుకొని, ఇల్లు మొదలు పెట్టునాడే కట్టువారికి చెప్పగలిగినచో గ్రామమున అనేక అప్పులు తప్పును. ఈ లెక్కకు కొలత టేపు, కాగితము, కొంచెము ఓపిక చాలును.

మొదట కొలత. ఇంటి వైశాల్యమును బట్టి పూత ఖర్చును ఊహించుట మన గ్రామములలో మామూలు. ఇది పెద్ద పొరపాటునకు దారి తీయును. ఉదాహరణకు 20 అడుగుల ముఖము, 22 అడుగుల లోతు గల ఇంటిని తీసికొందము. దాని వైశాల్యము 440 చదరపు అడుగులు. కాని పూత పడునది నేలమీద కాదు గదా! నాలుగు గోడల చుట్టుకొలత 84 అడుగులు. నేల మొదలుకొని పిట్టగోడ పై అంచు వరకు ఎత్తు 14 అడుగులనుకొన్నచో 84ను 14 చేత గుణింపగా 1,176 చదరపు అడుగులు వచ్చును. ఇందులో 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గల దర్వాజాలు రెండు, 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు గల కిటికీలు నాలుగు ఉన్నచో వాటి వైశాల్యము 90. అది తీసివేయగా 1,086 మిగులును. పిట్టగోడకు లోపలి ముఖము కూడ పూయవలసినదే. రెండున్నర అడుగుల ఎత్తున అది సుమారు 200. పిట్టగోడ పై అంచు, సజ్జల క్రింది మీది భాగములు, కిటికీ దర్వాజాల ప్రక్కలు కలిపి సుమారు 114. మొత్తము 1,400 చదరపు అడుగులు. అనగా ఇంటి వైశాల్యమునకు మూడు రెట్లకు పైగా! ఇంటివాడు 440 అని మనస్సులో పెట్టుకొనియుండగా మేస్త్రి 1,400కు కూలి అడిగినచో తగవు రాకుండుట ఎట్లు? మేస్త్రి మోసము చేయుచున్నాడని ఇంటివాడు తలంచును. ఆ తగవులలో సగము కొలత తెలియని తగవులే.

కిటికీ దర్వాజాలను మినహాయించుటలో ఇంకొక చిక్కు కలదు. వాటిని మినహాయింపరాదని మేస్త్రీలు వాదించుట వాడుక. వాటి అంచులు సూటిగా తీయుటకు చదును గోడకంటె ఎక్కువ శ్రమ పట్టును, ఆ మినహాయింపు లేకపోవుట ఈ శ్రమకు సరిపోవునని వారి న్యాయము. ఇందులో అబద్ధము లేదు. ఖాళీలను తీసివేసి అంచుల పనిని వేరుగా కొలుచుట ఒక పద్ధతి; ఖాళీలను తీసివేయక అంచుల పనికి వేరుగా ఏమియు ఇయ్యకుండుట రెండవ పద్ధతి. రెండును న్యాయమైనవే. ఖాళీలను తీసివేయకుండ, అంచులకు మరల అడుగునకింత అని వసూలు చేయుట మాత్రము న్యాయము కాదు. ఏ పద్ధతియో పని మొదలు కాకముందే చెప్పుకొనవలెను.

ఈ 100 చదరపు అడుగుల లెక్క మనకు మాత్రమే చెందినది కాదు. అమెరికాలో ఇండ్లు పెక్కు కొయ్య చట్రముమీద కట్టబడును. వాటిలో అనేకమునకు బయటి గోడలమీద మనవలె పూత ఉండదు, కొయ్య పలకలో ప్లాస్టిక్కు పలకలో సిమెంటు నార పలకలో వరుసగా కప్పుదురు. అచ్చట ఆ పనిని 100 చదరపు అడుగులు ఒక స్క్వేరు అను కొలతతో లెక్కింతురు. అక్కడ స్థిరపడిన మన తెలుగువారును గోడ పలకలు మార్పించునపుడు మొదట ఎన్ని స్క్వేర్లని అడుగవలసినదే. సరకు మారినను లెక్క మారలేదు.

ఇక సరకు. బయటి గోడకు రెండు పూతలు వేయుట మంచిది. మొదటిది సుమారు 12 మిల్లీమీటర్ల మందము, పైది 6 మిల్లీమీటర్లు. ఒకపాలు సిమెంటునకు ఐదుపాళ్ళ ఇసుక చొప్పున మాలు కలిపినచో, ఇటుకల సందులలోనికి పోవునది కూడ చేర్చి, 100 చదరపు అడుగులకు సుమారు ఒకటింబావు బస్తా సిమెంటు, 8 ఘనపుటడుగుల ఇసుక పట్టును. గోడ సూటిగా లేనిచోట మాలు ఎక్కువ పట్టును. గోడ కట్టునాడు త్రాడు పట్టి చూడని దోషమునకు పూతనాడు డబ్బు చెల్లింతుము. మన 1,400 చదరపు అడుగులకు 18 బస్తాల సిమెంటు, 112 ఘనపుటడుగుల ఇసుక కావలెను.

సిమెంటుపై వస్తుసేవల పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 28 నుండి 18కి తగ్గినది. పన్నుకు ముందు బస్తా ధర 270 రూపాయలనుకొన్నచో పూర్వము 345 రూపాయల 60 పైసలు కావలసినది 318 రూపాయల 60 పైసలగును. 18 బస్తాలమీద 486 రూపాయల తేడా. బిల్లు లేకుండ కొన్నవానికి ఈ తగ్గింపు అందినదో లేదో చూచుకొను వీలు ఉండదు. బిల్లు అడుగుట మొగమాటపడవలసిన విషయము కాదని గ్రామస్థులకు చెప్పవలెను.

ఇసుకను కొనునపుడు ట్రాక్టరు అని కొనుటకంటె ఘనపుటడుగులని కొనుట మేలు. తొట్టి పొడవు, వెడల్పు, ఇసుక నిలిచిన లోతు కొలిచి గుణించినచో సరిపోవును. తొట్టి 9 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉండి ఇసుక 2 అడుగుల లోతు నిలిచినచో 108 ఘనపుటడుగులు. అంచు వరకు నిండినట్లు కనబడు తొట్టియందు ఇసుక లోతు ఒకటిన్నర అడుగే యుండుట కూడ కలదు. తడిసిన ఇసుక పొంగి, ఎక్కువ ఉన్నట్లు అగపడును. నూటికి ఇరువది వంతుల వరకును ఈ పొంగు ఉండవచ్చును. నది ఇసుక అయినను, రాతిని పొడిచేసిన రోబో ఇసుక అయినను ఈ కొలత ఒకటియే. పూతకు ఇసుక సన్నగా, మట్టి లేనిదిగా ఉండవలెను. ఒక గాజుసీసాలో ఇసుకను సగము పోసి, నీళ్ళు నింపి బాగుగ కదిపి, కొన్ని గంటలు కదలకుండ ఉంచినచో మట్టి పైపొరగా తేలి నిలుచును. ఆ పొర ఇసుక పొరలో పన్నెండవ వంతు మించినచో ఆ ఇసుకను పూతకు తీసికొనరాదు. దీనికి ఇంజనీరు రానక్కరలేదు, బడిపిల్లలును చేయగలరు.

ఇప్పుడు మొత్తము చూతము. క్రింద చెప్పు ధరలు లెక్క నేర్చుటకు మేము అనుకొన్నవి. సభ్యులు తమ గ్రామమున నేడు నడచు ధరలను వాటి స్థానమున వేసికొనవలెను. సిమెంటు బస్తా 320 రూపాయల చొప్పున 18 బస్తాలకు 5,760. ఇసుక ఘనపుటడుగు 60 చొప్పున 112 ఘనపుటడుగులకు 6,720. మేస్త్రి, కూలీల పని చదరపు అడుగునకు 25 చొప్పున 1,400కు 35,000. పరంజా అద్దె 3,000. నీళ్ళు, మోత, చిల్లర 2,000. అన్నియు కలిపి 52,480 రూపాయలు. చదరపు అడుగునకు సుమారు 37 రూపాయల 50 పైసలు. 5 లక్షల సహాయముతో కట్టు ఇంటికి ఇది పదవ వంతునకు మించినదని గమనింపుడు. దీనిని మొదటినుండి వేరుగా తీసి పెట్టనివానికి చివరకు ఎక్కడనుండి వచ్చును?

ఈ లెక్కలో ఇంకొక సత్యము దాగియున్నది. 52,480లో 35,000 కూలియే. అనగా మూడింట రెండు వంతులు. సిమెంటు తొమ్మిదవ వంతు మాత్రమే. అయినను ఖర్చు తగ్గింపవలెనని తలంచినవాడు మొట్టమొదట చేయి వేయునది సిమెంటు మీదనే! 18 బస్తాలకు బదులు 12 బస్తాలతో సరిపెట్టినచో మిగులునది 1,920 రూపాయలు, మొత్తము ఖర్చులో నూటికి నాలుగు వంతులైనను కాదు. అందుకు ప్రతిఫలముగా చేతితో గీకినచో రాలిపోవు పూత దక్కును. ఆ పూతను మరల తీసి వేయుటకు కూలి అంతయు రెండవసారి ఇయ్యవలెను. మాలును పలుచన చేయుట ఆదా కాదు. నీళ్ళు కలిపిన మాలును అరగంటలోపల గోడకెక్కించుటయు, బిగిసిన మాలులో మరల నీళ్ళు పోసి వాడకుండుటయు, పూసిన గోడను కనీసము ఏడు దినములు ఉదయము సాయంత్రము తడుపుటయు ఖర్చు లేని పనులు. పూత బలము వీటియందే ఎక్కువగా ఉన్నది. తడుపు పని ఇంటివారిదా, మేస్త్రిదా అన్నది కూడ ముందే తేల్చుకొనవలెను. ఇద్దరిలో ఎవరిది కానిచో ఆ పని జరుగదు.

సొమ్ము చాలనివారు ఏమి చేయవలెను? నాలుగు ముఖములకును ఒకేసారి నాసిపూత వేయుటకంటె, అవసరమైన ముఖమునకు మంచిపూత వేసి తక్కినది మరుసటి ఏటికి ఉంచుట ఉత్తమమని మా అభిప్రాయము. మనకు వాన నైరృతి ఋతుపవనముతో వచ్చును. కావున పడమటి గోడ, దక్షిణపు గోడ ఎక్కువగా తడియును. పిట్టగోడ పై అంచునుండియు, లోపలి ముఖమునుండియు నీరు గోడలోనికి దిగును. మన ఉదాహరణలో 22 అడుగుల ప్రక్కగోడ పడమటిదైనచో 308 చదరపు అడుగులు, పిట్టగోడ లోపలి ముఖము, పై అంచు కలిపి సుమారు 242, మొత్తము 550. అదే ధరపై 20,625 రూపాయలు. ఇంతతో ఆ ఏటి వానను చాలవరకు కాచుకొనవచ్చును. తక్కిన గోడల ఇటుకల సందులను మాలుతో గట్టిగా మెత్తి ఉంచినచో తొందర లేదు.

దీనికి సరిగా ఎదురైనది ముందరి గోడ అలంకారము. తాండూరు బండలు, షాబాదు బండలు మనకు దగ్గరలోనే దొరకును. ఇప్పుడు అంగళ్ళలో గోడలకంటించు మెరుగు పలకలును అనేకవిధములుగా వచ్చుచున్నవి. అవి మంచి సరకులే. వాన వాటిని ఏమియు చేయదు, రంగు వేయు ఖర్చును తప్పించును. కాని రాయి, జిగురు, కోత, పనివాని కూలి కలిపి చదరపు అడుగునకు 150 రూపాయలనుకొన్నను, 20 అడుగుల ముఖముగల గోడ 280 చదరపు అడుగులలో దర్వాజా, రెండు కిటికీలు పోగా 235కు 35,250 రూపాయలగును. ఒక్క గోడ అలంకారమునకు ఇంటి మొత్తము పూత ఖర్చులో మూడింట రెండు వంతులు! ఈ డబ్బు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 705, ఏడాదికి 8,460 రూపాయలు వడ్డీయే. బరువైన రాతి పలకలను తలపైఎత్తున వట్టి మాలుతో అంటించుట ప్రమాదము కూడ. వాటిని లోహపు కొక్కెములతో గోడకు బిగింపవలెను. సొంత సొమ్ము గలవారు చేసికొందురు గాక. అప్పు తెచ్చి చేయబోవువానిని ఒకసారి కూర్చుండబెట్టి ఈ లెక్క చూపుట వార్డు సభ్యుని పని.

మన ప్రాంతపు గోడలన్నియు ఒక తీరువి కావు. జహీరాబాదు 1956 వరకు బీదరు జిల్లాలోనిది. ఆ బీదరు వైపునుండి ఎర్రని లాటరైటు రాతినేల ఇక్కడికి వ్యాపించియున్నది. బహమనీ సుల్తాను అహ్మద్ షా 15వ శతాబ్దిలో రాజధానిని గుల్బర్గానుండి బీదరునకు మార్చెను. ఆ కోట గోడలలో ఈ ఎర్రరాయియే కనబడును. నేలనుండి కోసినపుడు మెత్తగా ఉండి, గాలి తగిలిన కొలది గట్టిపడుట దీని గుణము. ఫ్రాన్సిస్ బుకానన్ అను ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి మలబారులో ఈ రాతిని చూచి, 1807లో ప్రచురించిన గ్రంథములో, ఇటుక అను అర్థముగల లాటిను పదమునుండి దానికి లాటరైటు అని పేరు పెట్టెను. ఇట్టి రాతితో కట్టిన పాత గోడలున్నవారు నలుగురిని చూచి సిమెంటు పూత వేయించుటలో అర్థము లేదు. రాళ్ళ సందులలోని పాతమట్టిని అంగుళమునకు కొంచెము తక్కువ లోతున గీకి, కడిగి, మాలుతో మెత్తిన చాలును. గోడ మొత్తము పూయుటకు పట్టు సరకులో ఇది కొద్దిభాగమే.

మట్టిగోడల సంగతి వేరు. మట్టిగోడ తడిని పీల్చి మరల విడుచుచుండును. దానిపై సిమెంటు పూత వేసినచో లోపలి తడికి దారి లేక, కొన్ని ఏండ్లకు పూత రేకువలె ఉబ్బి ఊడిపడును. అట్టి గోడకు జల్లించిన మట్టి, పొట్టు, పేడ కలిపిన పూతయో, సున్నపు పూతయో తగినది. అది ఏటేట చూచుకొనవలసిన పనియే, కాని ఖర్చు ఇంటివారి శ్రమలో కలిసిపోవును. నల్లరేగడి నేలలో కట్టిన ఇండ్లకు మరొక జబ్బు కలదు. ఆ నేల వానకు ఉబ్బి ఎండకు కుంగును. పునాది చాలనిచోట గోడ ఏటవాలుగా చీలును. అట్టి చీలికమీద ఎంత మంచిపూత వేసినను మరుసటి వేసవికి అదేచోట తెరచుకొనును. చీలిక గలవారిని పూతకు ముందే ఇంజనీరునకు చూపుకొనుమని చెప్పుడు. పూత ఖర్చు పెట్టిన తరువాత చెప్పినచో ప్రయోజనము లేదు.

రంగును గూర్చి రెండు మాటలు. కొత్త పూత ఆరుటకు సుమారు ఒక నెల కావలెను. పండుగ వచ్చినదని వారములోపల రంగు వేసినచో అది పెచ్చులు లేచును. మూడుసార్లు సున్నము కొట్టుటకు చదరపు అడుగునకు 4 రూపాయలనుకొన్నచో 1,400కు 5,600. బయటి గోడలకు వాడు ఎమల్షన్ రంగు, దాని అడుగుపూతతో సహా 12 రూపాయలనుకొన్నచో 16,800. సున్నమును రెండు మూడేండ్లకొకసారి మరల కొట్టవలెను, రంగు దానికంటె ఎక్కువ ఏండ్లు నిలుచును. ఏది మంచిదన్నది ఇంటివాని చేతిలోని సొమ్మును బట్టి యుండును. సున్నము కొట్టిన ఇల్లు చిన్నతనమని తలంచనక్కరలేదు.

ఇక ఒప్పందము. నోటిమాట మీద నడచు పనులలో మంచివారికిని మనస్పర్ధలు కలుగును. ఒక తెల్లకాగితముమీద చదరపు అడుగు ధర, ఎన్ని పూతలు, ఏ పాళ్ళలో మాలు, పరంజా ఎవరిది, కొలత ఏ పద్ధతిన, తడుపుట ఎవరి వంతు, ఎన్నాళ్ళలో పని ముగియవలెను అన్నవి వ్రాసికొని ఇద్దరును సంతకములు చేయవలెను. చదువురాని ఇంటివారికి ఈ కాగితము వ్రాసిపెట్టుట సభ్యులు చేయదగిన సహాయము. బయానాగా పెద్ద మొత్తము ఇయ్యరాదు. కూలీల మొదటి వారము బత్తెమునకు చాలినంత ఇచ్చి, తక్కినది పూసిన గోడను కొలిచి ఇచ్చుచుండవలెను. పదవ వంతు నిలిపి, పని అయిన పదిహేను దినములకు గోడను వ్రేళ్ళకణుపులతో తట్టి, బోలు శబ్దము వచ్చు చోట్లను సరిచేయించి ఇయ్యవలెను. సరిగా పనిచేసిన మేస్త్రికి ఆ పదవ వంతును ఆలస్యము చేయుటయు అన్యాయమే. వారును దినకూలితో బ్రతుకువారే.

పంచాయతీ మరికొంత చేయగలదు. ఒకే సంవత్సరమున గ్రామమున పది ఇండ్లు లేచుచున్నచో పదిమందియు కలిసి ఇసుక తెప్పించుకొన్నచో రవాణా తగ్గును. పరంజా బొంగులు, పలకలు, త్రాళ్ళు ఒక ఇంటి తరువాత ఒక ఇంటికి నడచునట్లు ఏర్పాటు చేసికొన్నచో ఒక్కొక్కరి అద్దె సగమగును. చుట్టుపట్ల నడచుచున్న కూలి, సిమెంటు, ఇసుక ధరలను కార్యదర్శిచేత విచారింపజేసి, తేదీతో సహా పంచాయతీ కార్యాలయపు బోర్డుమీద సుద్దతో వ్రాయింపుడు. ప్రభుత్వ ఇంజనీరింగు శాఖలు ప్రకటించు ప్రామాణిక ధరల పట్టిక సహాయ ఇంజనీరు వద్ద ఉండును. ఊరి ధర దానికంటె మిక్కిలి ఎక్కువగా ఉన్నచో కారణము అడుగుటకు అది ఆధారము. సభ్యుడు తన మేస్త్రినో తన బంధువు అంగడినో సిఫారసు చేయకుండుట మంచిది. ధర చెప్పుట వేరు, బేరము కుదుర్చుట వేరు. రెండవదానికి దిగినవాని మాటను మొదటిదానికి ఎవరును నమ్మరు.

పూతకు అనువైన కాలము వానలు వెనుకబట్టిన తరువాత, ఎండలు ముదరకముందు. కార్తికము మొదలు మాఘము వరకు గోడ నెమ్మదిగా ఆరును, తడుపుటకు నీళ్ళును దొరకును. చైత్ర వైశాఖములలో పూయవలసివచ్చినచో ఉదయము పూట పూసి, మధ్యాహ్నము గోనెపట్టలు తడిపి కట్టవలెను.